తల్లి తిన్న తొలిముద్ద

కూతురు ఇందుకు నాలుగో నెల వచ్చింది. ఆ పొద్దున గంగరత్న వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని, బిడ్డ నోట్లో పెట్టాల్సిన ముద్దను తన నోట్లో పెట్టుకుంది.

ముద్ద అని పేరేగానీ అది చిటికెనవేలి గోటి మీద పట్టేంత పేస్టు. బీమా వాళ్లు పంపిన చిన్న పొట్లంలో ఉంటుంది. శెనక్కాయ, కోడిగుడ్డు, ఆవుపాలు, నువ్వులు, చేప, ఇలా మనిషి ముందుముందు తినబోయేవన్నీ అందులో రవ్వంత రవ్వంత కలిపారు. పొట్లం చించి, వేలికి రాసుకుని, బిడ్డ నాలుక మీద అద్దాలి. అంతకు మించి పనేమీ లేదు. గంగరత్న వేలు బిడ్డ పెదవుల దాకా వెళ్లింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

ఆ వేలు కదిలినప్పుడల్లా ఆమెకు అన్న కొడుకు కనిపించాడు. రెండేళ్లవాడు. జాతరలో వాళ్ల జేజమ్మ ముద్దుగా పెట్టిన శెనక్కాయ ఉండ కొరికాడు. ముక్క గొంతు దిగకముందే పెదవులు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. ఆటోలో వేసుకుని పరుగెత్తారు. ఆసుపత్రి గేటు దాటేసరికి ఆ ఈల ఆగిపోయింది. తాతల నాటి నుంచి శెనక్కాయ పండించి, శెనక్కాయ తిని, శెనక్కాయ అమ్మి బతికిన ఇంట్లో పుట్టినవాడు శెనక్కాయకే పోయాడు. అప్పటికే అలాంటి చావులు ఆ చుట్టుపక్కల మామూలైపోయాయి. పురుగుమందులన్నారు, బోరునీళ్లన్నారు, పిల్లల్ని మట్టిలో ఆడనివ్వకపోవడమన్నారు. ఎవరూ ఏదీ తేల్చలేదు.

అలాంటిదాన్ని కన్నతల్లి తన చేత్తో బిడ్డ నాలుక మీద పెట్టడమా? పెట్టాక ఏమైనా అయితే ఎవరిని అడగాలి?

అప్పుడు అత్త హంపమ్మ మాట గుర్తుకొచ్చింది. ఇందుకు జలుబు చేసినప్పుడు మిరియాల కషాయం తాగింది ఇందు కాదు, గంగరత్న. ఇందుకు కడుపు ఉబ్బితే వాము నమిలింది గంగరత్న. "పాలు తాగే బిడ్డకు మందు నేరుగా పెడతారేమే యాడన్నా? తల్లి తింటే పాలల్లో దిగుతాది" అంటుంది హంపమ్మ. హంపమ్మ బాలింతగా ఉన్నప్పుడు ఆమె అత్తా అలాగే చేయించింది. ప్రతిసారీ బిడ్డ తేరుకుంది కూడా. ఇదీ మందే గదా.

గంగరత్న వేలు నాకేసి, నీళ్లు తాగి, బిడ్డను ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది.

సాయంత్రానికి ఇందు కాలికున్న కడెంలో పచ్చపూస వెలిగింది. గంగరత్న ఆ కాలిని కళ్లకద్దుకుని ఏడ్చింది.

ఆ కడెం వెండిదీ కాదు, బంగారందీ కాదు. మెత్తటి రబ్బరులాంటిది. దాన్ని కనిపెట్టినావిడ పేరు డాక్టర్ కాత్యాయని. తొలిముద్ద అనే బీమా పథకం వాళ్ల వ్యానులో గంగరత్న ఊరు ఎర్రగుడిపల్లెకు ఆమే వచ్చింది. బడి వరండాలో బాలింతలందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క బిడ్డ కాలికీ తన చేత్తో తొడిగింది.

"పసిబిడ్డ ఒళ్లు కొత్తగా పనిలో చేరిన కాపలావాడి లాంటిదమ్మా" అంది తొడుగుతూనే. "ఎవరు ఇంటివాళ్లో, ఎవరు పరాయివాళ్లో వాడికి తెలీదు. తలుపు దగ్గర నిలబెట్టి ఒక్కొక్కరినీ పరిచయం చేశామనుకోండి, జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు. ఆలస్యమైందా, వచ్చినవాళ్లందరినీ దొంగలనుకుని కొడతాడు. ఆ కొట్టుడుకి ఇల్లే కూలిపోతుంది. ఆ తలుపు నోరు. ఆ పరిచయం ఈ ముద్ద."

ముద్దలో ఒక గుర్తు కలిపారట. అది బిడ్డ రక్తంలో చేరితే చెమటలో పడుతుంది, ఆ చెమటను కడెం చూస్తుంది. చేరిన రోజు పచ్చ, చేరని రోజు ఎరుపు. ఆ రంగు ఎప్పటికప్పుడు అనంతపురంలో బీమా వాళ్ల కేంద్రానికి తెలిసిపోతుంది. ఎనిమిదో నెల నిండేలోపు అంతా పచ్చగా సాగితే చివర్న కేంద్రానికి పిలిచి, డాక్టరు కళ్లముందు అసలు తిండి తినిపిస్తారు. తిని అరిగించుకుంటే మంచిదే. ఒకవేళ రోజూ ముద్ద పెట్టే ఈ కోర్సు నిజాయితీగా చేసినా ఒళ్లు మాట వినకపోతే, ఆ బిడ్డకు జీవితాంతం సూదులూ, ఆసుపత్రీ, వైద్యం అంతా బీమాదే. కోర్సు చేయని బిడ్డకు మాత్రం ఏమీ లేదు. తెలిసి వదిలేసినట్టు లెక్క. తర్వాత కాళ్లావేళ్లా పడినా చేర్చుకోరు.

అందుకే ఆ పచ్చపూస వెలిగితే చాలనుకుంది గంగరత్న. వెలిగింది. రోజూ వెలుగుతూనే వచ్చింది.

వీధి కుళాయి దగ్గర సుంకమ్మ పట్టుకుంది ఒకనాడు. ఆమె కొడుకు తేజు, ఇందు ఇంచుమించు ఒక ఈడువాళ్లు.

"ఏం మే రత్నా, నీ పాపది పచ్చగ మెరుస్తాంది. నా కొడుకు ముద్ద పెడితే ముఖం మీదికి ఊస్తాండాడు. కడెం ఎర్రగనే ఉండాది. వాళ్ల నాయన పోలికే, మంచిదేది పెట్టినా దిగదు" అంది సుంకమ్మ.

గంగరత్న అటూ ఇటూ చూసి చెవిలో చెప్పింది.

సుంకమ్మ నోరు తెరిచింది. "అంటే నువ్వే తింటాండావా?"

"పాలల్లో దిగుతాది గదక్కా. పచ్చగ వెలుగుతాంది గదా. వాళ్ల మిషనే చెప్తాంది."

"నీ తెలివి తెల్లారా! ఈ మాట ముందే చెప్పొచ్చు గదా, నా చీరలన్నీ ఖరాబు చేసినాడు వాడు."

ఆ మాట కుళాయి దగ్గర ఆగుతుందా? సుంకమ్మ నుంచి ఆమె తోడికోడలికి, ఆమె నుంచి పై వీధికి, అక్కడి నుంచి ఊరంతా పాకింది. ఎవరికీ వింతగా తోచలేదు. అయ్యో, మాకెందుకు తట్టలేదు అన్నవాళ్లే అందరూ. ఎర్రగుడిపల్లెలో బిడ్డలందరి కాళ్లకూ పచ్చపూసలు వెలిగాయి.

ఈలోగా ఇందు బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక. చర్మం పొలుసులు పొలుసులుగా లేస్తోంది. బిడ్డ గీరుకుని గీరుకుని నెత్తురు తెచ్చుకునేది. గంగరత్నకు తిండి సహించేది కాదు. ఇది ఏదో పెద్ద రోగానికి మొదలు అనుకుంది. ముద్ద వికటించిందనుకుంది. దిష్టి అనుకుంది. ఏ పూట ఏది తోస్తే దానికి భయపడింది.

"ఒళ్లు పొడారింది, అంతే. దానికింత ఏడుపెందుకు?" అంది హంపమ్మ. గానుగలో ఆడించిన శెనగనూనె గోరువెచ్చగా చేసి, ఆ పొక్కుల మీదే మెత్తగా రుద్ది, నీళ్లు పోసింది. రోజూ అదే. నూనె రాసినప్పుడు చర్మం నిగనిగలాడేది. సాయంత్రానికి మళ్లీ ఎర్రబడేది.

మొగుడు ఎర్రిస్వామిది కాయల మిల్లులో పని. శెనక్కాయలు కొట్టి తొక్క వేరు చేసే మిషను దగ్గర నిలబడతాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా ఎర్రటి పొట్టు ఉంటుంది. వస్తూనే బిడ్డను ఎత్తుకుని ఆ ముఖంతో ముద్దులు పెట్టేవాడు.

"స్నానం చేసి ఎత్తుకోరాదా?" అనేది గంగరత్న.

"ఎందుకు? ఇది శెనక్కాయల బిడ్డ. నీ భయాన్ని సంతకు తీసకపోయి పెట్టినా ఎవడూ ఊరికే గూడ తీసుకోడు." నవ్వేవాడు ఎర్రిస్వామి. ఇందు నవ్వేది. గంగరత్నకు కూడా నవ్వొచ్చేది అప్పట్లో.

ఏడో నెలలో బిడ్డను చూపించడానికి కేంద్రానికి రమ్మన్నారు.

అనంతపురంలో ఆ కేంద్రం అద్దాల మేడ. లోపల చలి. ఒక గోడ నిండా చిన్న చిన్న చుక్కలు వెలుగుతున్నాయి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క బిడ్డ అట. డాక్టర్ కాత్యాయని గంగరత్నను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఒక మూల చూపించింది. అక్కడ ఒక్క ఎర్ర చుక్కా లేదు.

"అది మీ ఊరు" అంది. ఆమె ముఖం పరీక్ష పాసైన పిల్ల ముఖంలా ఉంది. "చదువుకున్నవాళ్లుండే కాలనీల్లో సగం ఎరుపే. మీ ఊరి తల్లులంత శ్రద్ధగా ఎవరూ చేయలేదమ్మా. నిన్న పైవాళ్లకు ఇదే చూపించాను."

ఆ మాటకు గంగరత్నకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎక్కడో చిన్న ముల్లులా గుచ్చుకుంది.

"మేడం, ఊరికే అడుగుతాండా. మా పక్కూర్లో ఒకామె ముద్ద తనే తిని పాలిస్తాంది అన్నారు. అట్ల గూడ పని చేస్తాదా?"

డాక్టరు ఫక్కున నవ్వింది. "ఎవరామె? అలా చేసే తల్లి కూడా ఉంటుందా?" నవ్వు ఆపుకుని, గంగరత్న భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "గుర్తు దిగుతుందేమో. అది నీళ్లలో కరిగే రంగులాంటిది. ముద్ద దిగదు. ముద్ద బిడ్డ నాలుకకే తగలాలి, బిడ్డ పేగులకే తగలాలి. తల్లి తింటే, కాపలావాడికి వచ్చే చుట్టం ఫొటో కూడా చూపించనట్టే."

అంటూనే ఇందు చొక్కా చేతులు పైకి మడిచింది. మోచేతి మడతలు చూసి ఆమె నవ్వు పోయింది.

"ఇదెప్పటి నుంచి? నూనె ఏదైనా రాస్తున్నారా?"

"గానుగ నూనె మేడం. శెనగ నూనె."

"ఆపేయండి. చర్మం చిట్లిన చోట నుంచి శెనక్కాయ లోపలికి పోతే అది తలుపులోంచి వచ్చిన చుట్టం కాదమ్మా, కిటికీలోంచి దూకినవాడి కింద లెక్క. ఒళ్లు వాడిని ముందు దొంగగా గుర్తుపెట్టుకుంటుంది." మళ్లీ కడెం వైపు చూసి తేలికపడింది. "నీకేం భయం లేదులే. నువ్వు రోజూ నోట్లో పెడుతూనే ఉన్నావుగా. అంతా పచ్చే."

గంగరత్న తల ఊపింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. చెబితే కడెం ఊడబీకుతారు. కడెం పోతే బీమా పోతుంది. ఇంకా కొన్ని వారాలు గడువుంది గదా, ఈరోజు నుంచే నోట్లో పెడితే సరిపోదా? నోరు మూసుకుని బస్సెక్కింది.

మరునాడు పొద్దున గంగరత్న పొట్లం చించి, మనసు రాయి చేసుకుని, వేలి కొసతో బిడ్డ నాలుకను తాకింది. తాకీ తాకనట్టు.

ఇందు చప్పరించింది. తల్లి వైపు చూసింది. చూస్తుండగానే పెదవుల చుట్టూ దోమలు కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఒక కనురెప్ప ఉబ్బింది. బిడ్డ తన ముఖాన్ని తల్లి రొమ్ముకేసి రుద్దుకుంటూ కెవ్వుమంది. గంగరత్న బిడ్డను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎటు పరుగెత్తాలో తెలియక అక్కడే గిర్రున తిరిగింది. చెవి బిడ్డ గొంతుకు ఆనించి, ఈల వినిపిస్తుందేమోనని విన్నది.

వినిపించలేదు. కాసేపటికి దద్దుర్లు అణిగాయి. ఇందు నిద్రపోయింది. గంగరత్న కిందికి దించలేదు.

ఆ రోజు నుంచి ఆమె మళ్లీ ముద్ద తనే తింది. తినకపోతే ఎరుపు వెలుగుతుంది. సాయంత్రం పచ్చపూస వెలిగితే ఇప్పుడామె చూడలేకపోయేది. బిడ్డ కాలికి చీర కొంగు చుట్టి, ఆ వెలుగు కనబడకుండా కప్పేది.

ఎర్రిస్వామికి చెప్పక తప్పలేదు. అతను బావి గట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దు. పరీక్ష నాడు వాళ్లే తినిపిస్తారు గదా. పాపకు పడదు. పడకపోతే డాక్టర్లు ఆణ్నే ఉంటారు, సూదులు ఆణ్నే ఉంటాయి. కోర్సు చేసినా ఒళ్లు ఇనలేదని రాసుకుంటారు. అప్పుడు జీవితాంతం వాళ్లే చూస్తారు. తెలిసిందా? నువ్వు నోరు మూసుకోని ఒక్క గంట కూర్చుంటే పాప బతుకంతా గట్టెక్కుతాది."

"ఆ గంటలో ఏమన్నా అయితే?"

"ఏం కాదు."

"మా అన్న కొడుక్కి ఆటోలోనే..."

"అది ఆటో. ఇది ఆసుపత్రి!" అని అరిచి, వెంటనే తగ్గాడు. "రత్నా, ఒక్కసారి నీ భయాన్ని పక్కన పెట్టు. నీకు దండం పెడతా. ఒక్క గంట."

అతను చెప్పింది తప్పని ఆమెకు తోచలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా అదే దారి. పరీక్ష రోజు దాకా ఆ మాటనే మనసులో వల్లించుకుంది. నోరు మూసుకోవాలి, అంతే.

పరీక్ష నాడు ఎర్రగుడిపల్లె తల్లులందరినీ ఒకే వ్యానులో తీసుకెళ్లారు. పెళ్లికి పోతున్నట్టే ఉంది. బిడ్డలకు కొత్త గౌన్లు, నొసట బొట్లు. సుంకమ్మ దారంతా నవ్విస్తూనే ఉంది. "నా కొడుకు తిండి చూస్తే ఆ బీమా వాళ్లు భయపడి కంపెనీ మూసేస్తారు" అంటే అందరూ పకపకలాడారు. గంగరత్న ఇందును గుండెకు అదుముకుని, తోడొచ్చిన ఎర్రిస్వామి పక్కన కూర్చుంది.

హాలులో వరసగా చిన్న కుర్చీలు వేశారు. ఒక్కొక్క కుర్చీ ముందు ఒక గిన్నె. గిన్నెలో శెనక్కాయ, గుడ్డు, పాలు కలిపి చేసిన జావ. గోడ పక్కన తెల్లటి బల్ల మీద సూదులు, ఊపిరి అందించే గొట్టాలు. నర్సు షమీమ్ మొదట తేజు పేరు పిలిచింది. సుంకమ్మ కొడుకును ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. డాక్టర్ కాత్యాయని తనే చెంచా తీసుకుంది.

గంగరత్న ఆ చెంచా వైపు చూసింది. చెంచా నిండా ఉంది. తన వేలి కొసకే ఆ దద్దుర్లు లేచాయి. అక్కడ తల్లుల ఒళ్లల్లో ఉన్న బిడ్డలందరి ముఖాలూ ఒక్కసారి ఉబ్బినట్టు కనిపించాయి, హాలంతా ఈలలు వేసినట్టు వినిపించింది. చెంచా తేజు నోటి దాకా వెళ్లింది.

"పెట్టొద్దండీ!"

ఆ గొంతు తనదేనని ఆమెకు తెలియలేదు. "పెట్టొద్దు మేడం, చచ్చిపోతాడు! మేం బిడ్డలకు పెట్టలేదు. మేమే తిన్నాం. ఊరంతా మేమే తిన్నాం. నేనే చెప్పినా అందరికీ, నేనే..."

చెంచా ఆగింది. డాక్టరు దాన్ని తిరిగి గిన్నెలో పెట్టింది. తర్వాత ఒక్కొక్క తల్లి ముఖంలోకీ చూసింది. ఒక్కొక్కరే తల దించుకున్నారు.

బిడ్డలందరి వీపుల మీదా సన్నటి సూదితో గీసి, ఏది ఎవరికి పడదో తెలియడానికి ఒక్కొక్క తిండి చుక్కా వేసి చూశారు. ఇందు వీపు మీద శెనక్కాయ చుక్క రూపాయి బిళ్లంత ఉబ్బింది. ఇంకా చాలామందికి చిన్నదో పెద్దదో లేచింది.

"కడెం అబద్ధం చెప్పలేదు" అంది ఆమె, ఎవరితోనో కాదు, తనతోనే. "గుర్తు బిడ్డలో ఉందా అని అడిగాను. ఉందని చెప్పింది. ఎలా వచ్చిందని అడగలేదు. ఏళ్ల తరబడి ఎలుకల మీద చేశాను, నా గదిలో. పాలిచ్చే తల్లి ఏం చేస్తుందో ఒక్క ఇంట్లో కూర్చుని చూడలేదు."

మధ్యాహ్నానికి బీమా ఆఫీసరు వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. మెత్తగానే మాట్లాడాడు. మా బీమా జబ్బు రాకుండా చూసుకున్నవాళ్లకు, వచ్చినవాళ్లకు కాదు. కోర్సు జరగలేదని మీ నోటితోనే ఒప్పుకున్నారు. గడువు దాటింది. ఎవరు పెట్టారో ఎవరు తిన్నారో తేల్చే దారి మా దగ్గర లేదు. కాబట్టి ఎర్రగుడిపల్లె మొత్తాన్ని తీసేస్తున్నాం. ఇంత చెప్పి, కడేలు విప్పమన్నాడు.

డాక్టరు అడ్డుపడింది. "ఇప్పుడైనా నేర్పవచ్చు. ఏళ్లు పడుతుంది, రోజూ నా కళ్లముందు పెట్టాలి. నేను చేస్తాను. బీమా ఒప్పుకుంటే చాలు."

"అది వైద్యం మేడం. మనది నివారణ" అన్నాడు ఆఫీసరు.

కత్తెరతో కడేలు కత్తిరిస్తుంటే సుంకమ్మ లేచింది. ఆమె కొడుకు వీపు మీద ఒక్క చుక్కా ఉబ్బలేదు. గంగరత్న దగ్గరికి వచ్చి నిలబడింది. పొద్దుటి నవ్వుల మనిషి కాదు.

"నేను మానేసినా మే" అంది. "నువ్వు చెప్పినాక రెండు వారాలు తిన్యా. మళ్లా మనసొప్పలేదు. నోట్లోనే పెట్టినా. ఊసినా, పీకినా, రోజూ నోట్లోనే పెట్టినా. నా కొడుకు తింటుండె. ఆ గిన్నె నాకేసి ఇంటికొచ్చుండె."

"అక్కా..."

"నన్ను అక్కా అనాకు. నీ బిడ్డకు భయపడితే నీ బిడ్డ నెత్తుకోని బయటికి పోవల్ల. నా కొడుకు నోటి కాడిది ఎందుకు గుంజినావు?"

ఎర్రిస్వామి గోడకు ఆనుకుని నిలబడి, ఆమె వైపు చూడకుండా, "ఒక్క గంట" అన్నాడు. "ఒక్క గంట అడిగినా నిన్ను." అంతకు మించి ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కార్తెలు మారాయి. ఎర్రగుడిపల్లెలో శెనక్కాయ పెరికారు. ప్రతి ఇంటి ముందూ కుప్పలు, ప్రతి మిద్దె మీదా ఆరబోతలు. గాలి వీస్తే ఎర్రటి దుమ్ము. ఇంట్లో నూనె మార్చారు. హంపమ్మ అంతా విన్నాక బిడ్డను తాకడమే మానేసింది. దూరంగా అరుగు మీద కూర్చుని, తన రెండు అరచేతులూ చూసుకుంటుంది. ఎర్రిస్వామి మిల్లు నుంచి రాగానే వీధిలోనే బట్టలు మార్చుకుని, తల మీద నీళ్లు పోసుకుని, అయినా గడప దాటకుండా నిలబడతాడు. వేరే పని ఆ ఊళ్లో లేదు. ఇందు నాయన కోసం చేతులు చాస్తుంది. గంగరత్న బిడ్డను లోపలికి తీసుకుపోతుంది.

ఇందు పాకడం మొదలుపెట్టాక గంగరత్నకు కూర్చునే యోగమే పోయింది. బిడ్డ ముందు, ఆమె వెనక, అదీ మోకాళ్ల మీద. నేల మీద ఒక తొక్క, ఒక పలుకు, చీమ లాక్కొచ్చిన ముక్క, ఏదుంటుందో. బిడ్డ దవడ కదిలితే చాలు, గంగరత్న గడ్డం పట్టుకుని "ఆ అను, ఆ అను" అంటుంది, వేలితో నోరంతా వెతుకుతుంది. పొద్దున లేచిన దగ్గర నుంచి అదే. ఏడాది నిండేసరికి బిడ్డ ఏడవడం మానేసింది. ఆ వేలి కోసం తనే ముందుగా నోరు తెరవడం నేర్చుకుంది.

డాక్టర్ కాత్యాయని ఒక కబురు పంపింది. పైవాళ్లకు మళ్లీ రాశానని, ఒకసారి వచ్చి తనను కలవమని. గంగరత్న బిడ్డ ముక్కూ నోరూ తడిగుడ్డతో కప్పి అనంతపురం వెళ్లింది. అద్దాల మేడలో ఆ గోడ ఉంది గానీ తమ ఊరి మూల చుక్కలు లేవు. నర్సు షమీమ్ మాత్రం ఉంది.

"మేడం వెళ్లిపోయారమ్మా. వాళ్లు వద్దన్నారు, ఈమె మానేశారు. నీకు చెప్పమన్నారు, క్షమించమన్నారు."

"తిండి పడకపోతే వేసే సూది ఏమన్నా దొరుకుతాదా సిస్టర్, ఇంట్లో పెట్టుకోను?"

షమీమ్ తల అడ్డంగా ఊపింది. "బీమా కార్డు ఉన్నవాళ్లకేనమ్మా ఇక్కడ."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పరిచయం లేని ఒక ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. సంత నుంచి వస్తోంది, ఒళ్లో మూట ఉంది. ఇందును చూసి, "ఓయమ్మ, ఎంత సక్కంగుండాది పాప" అని ముఖం దగ్గరగా వంగింది.

ఇందు ఆమె ముఖంలోకి చూసి, పెద్దగా నోరు తెరిచింది.

గంగరత్నకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంట్లో తల్లి ముఖం వంగినప్పుడల్లా బిడ్డ ఇలాగే నోరు తెరుస్తోంది. మనుషులు పలకరించుకునేది అలాగేనని అనుకుంటోంది.

"అయ్యో, ఆకలైనట్టుంది బిడ్డకు" అంటూ ముసలామె మూట ముడి విప్పబోయింది.

"వొద్దు!"

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు. ముసలామె చిన్నబోయి మూట ఒళ్లోకి లాక్కుంది. "నేనేం చేసినానమ్మా, బిడ్డ అడిగిందని..." అని గొణిగింది.

గంగరత్న బిడ్డ ముఖాన్ని తన భుజం మీదికి తిప్పుకుని గట్టిగా పట్టుకుంది. ఆ భుజం మీదుగా ఇందు వెనక సీటులో ఉన్నవాళ్ల వైపు చూసి, ఒకరి తర్వాత ఒకరికి, నవ్వుతూ నోరు తెరిచింది.